వాసన వస్తుందన్న మనిషి

మొన్న ఒక శుభకార్యంలో మా తమ్ముడి కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొనుక్కుంది. "పెద్దనాయినా, కారు ఏసీల గ్యాస్ అయిపోయిందంట. ఎక్కడ కొట్టియ్యాలె?" అని అడిగింది.

"అయిపోవుడు ఉండది బిడ్డా. అది పెట్రోలు గాదు. పోయిందంటే ఎక్కడనో కారుతున్నట్టు. ముందుగాల అది దొరకవట్టాలె" అన్నాను.

"రిటైరయినవ్ గని ఆ మాట మాత్రం ఇడుస్తలేవ్" అని నవ్వుతూ లేచిపోయింది.

నిజమే. పటాన్‌చెరులో హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో కార్ల ఏసీలు బాగుచేస్తూనే నా పని జీవితమంతా గడిచింది. అన్నేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువమందితో అన్న మాట అదే. విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఎండలో ఉడికిపోయి వచ్చినవాడికి లీకు వెతికేదాకా ఆగే ఓపిక ఉండదు. గ్యాస్ నింపి, ముఖానికి చల్లగాలి తగిలిస్తే దండం పెట్టి పోతాడు. కొన్నాళ్లకు మళ్లీ వస్తాడు. మా వృత్తిలో చాలామందికి ఆ లీకే అన్నం పెడుతుందని కూడా మీకు చెప్పాలి.

ఆ మాట మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఒక భార్యాభర్తల సంగతి చెప్పాలి.

షెడ్డును నేనూ, నా భాగస్వామీ కలిసి నడిపేవాళ్లం. గొట్టాలు, గ్యాస్, కంప్రెసర్ పని నాది. వైర్ల పని సంగారెడ్డి నుంచి రోజూ వచ్చే ఒక భాయ్‌ది. భాయ్ మంచి పనిమంతుడు, మాటకారి. లీకు ఉన్నచోట దగ్గర పెడితే కీచుమని అరిచే చేతి మిషన్ ఒకటి కొన్నాడు. తన కళ్లద్దాలకన్నా దాన్నే ఎక్కువగా తుడిచేవాడు. "మనిషి అబద్ధమాడ్తడు గని, ఇది ఆడదు భాయ్" అని దాని గురించి గొప్పగా చెప్పేవాడు.

ఒక వేసవిలో, ఎండ అప్పుడే నెత్తికెక్కుతున్న వేళ, తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. ముప్పై దాటి ఉంటుంది. చీర కొంగు నడుముకు చుట్టి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఒట్టికాళ్లతో నడుపుతోంది. దిగీ దిగగానే మాతో మాట్లాడకుండా వెనక తలుపు తీసి, బాటిల్‌లో నీళ్లు లోపలున్న మనిషి భుజాల మీద పోసింది. అప్పుడు మావైపు తిరిగి, "అన్నా, ఈయనను జెర నీడకు కూసోబెట్టనిస్తరా?" అంది.

లోపల ఆమె భర్త ఉన్నాడు. మెడ నుంచి నడుము దాకా తడి తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. తువ్వాలు జరిగినచోట చర్మం కాలి మానిన గుర్తులు, మడతలు మడతలుగా. కూలర్ పెట్టుకున్న మా చిన్న గదిలోకి అతన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టాం. అతని ముఖం మీద ఎక్కడా చెమటచుక్క లేదు. కందగడ్డలా ఎర్రబడి ఉంది.

సంగతి ఆమే చెప్పింది. అతను బొల్లారం వైపు ఒక మందుల కంపెనీలో, రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గర ఆపరేటర్‌గా చేసేవాడు. ఒకరోజు సాల్వెంట్ అనే మండే ద్రావకం ఆవిరి అంటుకుని ఒళ్లు కాలింది. ప్రాణం దక్కింది. కానీ కాలి, అతుకులు వేసిన చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. మనకు ఎండ అంటే చిరాకు, అంతే. అతనికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆస్పత్రికి, చేతుల కసరత్తు చేయించే చోటికి వారం వారం సిటీకి పోవాలి. ఆటోలో పోతే దారిలోనే స్పృహ తప్పుతున్నాడని, పుట్టింట్లో ట్రాక్టర్ నడిపిన చెయ్యే కదా అని ధైర్యం చేసి, కారు నేర్చుకుని, ఈ పాత బండి కొన్నది. ఊళ్లో వాళ్లు నవ్వితే నవ్వనీ అనుకున్నది.

"ఏసీ లేకుంటె ఈ కారు మాకు ఒట్టి డబ్బనే అన్నా" అంది. "ఎండలు మొదలైనకాన్నించి మూడు నాలుగు సార్లు గ్యాస్ కొట్టిచ్చిన. కిందిసారి రోడ్డుమీద ఒకాయన కొట్టిండు. మస్తు చల్లగయింది, ఐసులెక్క. మళ్ల తగ్గుతాంది. జెర గ్యాస్ కొట్టుండ్రి, జల్దీ పోవాలె. డాక్టరు పన్నెండింటికి రమ్మన్నడు."

ఆ మాటకు గదిలోంచి అతను పిలిచాడు. గొంతు నెమ్మదిగా ఉంది, కానీ ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

"అన్నా, కారుల గ్యాస్ వాసన వస్తుంది. జెర సూడుండ్రి."

ఆమె కళ్లు మూసి తెరిచింది. చాలాసార్లు విన్న మాట విన్నప్పుడు అలసిపోయినవాళ్లు చేసే పని అది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఈయనకు దెబ్బ తాకినకాడినుంచి గంతే అన్నా. ఇంట్ల పొయ్యి బంద్ చేసినా వాసన అంటడు. అర్ధరాత్రి లేస్తడు, వాసన అంటడు. బస్టాండ్ల గూడ అంటడు. డాక్టరు గూడ చెప్పిండు, మనసుల భయం అని. మీరేం అనుకోకుండ్రి" అంది.

ఆ మాట అతనికి వినబడే ఉంటుంది. తల దించుకుని తువ్వాలు సర్దుకున్నాడు.

భాయ్ అప్పటికే తన మిషన్‌తో కారులో దూరాడు. డాష్‌బోర్డు కింద, గాలి వచ్చే జాలీల దగ్గర, బానెట్ కింద కీళ్ల దగ్గర అంతా తిప్పాడు. మిషన్ కిమ్మనలేదు. "లీకు లేదు భాయ్. ఉన్నా సన్నగుంటది. కొంచెం నింపి పంపిద్దాం. పాపం పేషెంటు ఉన్నడు, ఎందుకు పరేషాన్ చేస్తవ్" అన్నాడు.

అతని మాటలో దయ తప్ప ఇంకేం లేదు. నాకూ అదే సబబనిపించింది. నేను కూడా జాలీ దగ్గర ముఖం పెట్టి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. అయితే నా ముక్కు సంగతి నాకు తెలుసు. పెయింటు, పెట్రోలు, గ్యాస్ పీల్చి పీల్చి అది ఎన్నడో రాజీనామా ఇచ్చింది. మా ఇంట్లో కూర మాడిపోయినా మా ఆవిడ వచ్చి చెబితేనే నాకు తెలిసేది.

గ్యాస్ నింపే గొట్టం చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయాను. రోడ్డు మీద కొట్టించాక "ఐసులెక్క" చల్లబడిందని ఆమె అన్న మాట నాకు మింగుడుపడలేదు. లీకున్న పాత ఏసీకి అంత చలువ ఎక్కడినుంచి వస్తుంది? ఏం నింపి ఉంటాడు?

ఇంజిన్ ఆపి ఉంది. తాళం చెవి ఆమె చేతిలోనే ఉంది. బానెట్ ఎత్తి, గ్యాస్ నింపే మూతి మీద పాత బనీన్ గుడ్డ వేసి, లోపలి పిన్నును ఒక్కసారి ఒత్తి వదిలాను. తుస్సుమంది. ఆ గుడ్డ తీసుకెళ్లి అతని ముందు పట్టుకున్నాను. భార్య చూస్తూనే ఉంది.

అతను వంగాడు. వాసన చూశాడు. తల ఎత్తి నా కళ్లలోకి చూశాడు.

"వంట గ్యాసే అన్నా."

భాయ్ నా చేతిలోంచి గుడ్డ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని ముఖంలో రంగు మారింది. "యా అల్లా" అన్నాడు. వెంటనే మిషన్ ఆపి బల్ల మీద పెట్టి, గేటు దగ్గర సిగరెట్ తాగుతున్న డ్రైవర్ల మీద కేకలేస్తూ పరుగెత్తాడు.

ఇక్కడ ఒక్క ముక్క పని సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రాణం ఉంది. కారు ఏసీకి కంపెనీవాళ్లు పెట్టే గ్యాస్ వేరు. బానెట్ కింద చీటీ మీద దాని పేరు, ఎంత తూకం పట్టాలో రాసి ఉంటుంది. కొందరు దాని బదులు వంట గ్యాస్ జాతిది నింపుతారు. అది బాగా చల్లబరుస్తుంది. కానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ కారులో లీకు ఉన్నది డాష్‌బోర్డు వెనక, అంటే మనుషులు కూర్చునేచోట. అద్దాలు బిగించుకుని, లోపలి గాలినే తిప్పుకుంటూ, వాళ్లిద్దరూ ఆ గ్యాస్‌లో కూర్చుని సిటీకి వెళ్లి వస్తున్నారు. వైర్ల దగ్గర ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు. భాయ్ మిషన్ అబద్ధమాడలేదు. దానికి తెలిసిన గ్యాస్ అసలు గ్యాసే. ఈ గ్యాస్ దానికి పరిచయం లేదు. సన్నగా కారేది కాబట్టి ఆ వాసన మిగతావాళ్ల ముక్కులకూ అందలేదు.

తాళం చెవి తిప్పొద్దని చెప్పి, కారు నాలుగు తలుపులూ తెరిచి, ఇంజిన్‌కు, వైర్లకు దూరంగా నిలబడి కాసేపు గాలాడనిచ్చాం. తర్వాత అందరం కలిసి చేతులతోనే షెడ్డు వెనక ఖాళీ జాగాలోకి తోశాం. మోరీలు, గుంతలు లేని చోటు చూసుకున్నాం, ఎందుకంటే ఆ గ్యాస్ బరువైనది, పల్లంలో దాక్కుంటుంది. ఇటువంటి గ్యాస్‌ను మామూలు గ్యాస్ తీసే మిషన్‌లోకి ఎక్కించకూడదు. దాన్ని తీయడం తెలిసినవాణ్ని ఫోన్ చేసి పిలిపించాను. మీలో ఎవరికైనా ఇట్లాంటిది ఎదురైతే మీరు కూడా అదే చేయండి. సొంత చేతులతో విప్పకండి.

కారు తోసి తిరిగి వచ్చేసరికి ఆమె గది గుమ్మంలో కూలబడి ఉంది. "నేనే కూసోబెట్టిన గదనే" అంటోంది. "వద్దు వద్దంటె, నీది మనసుల భయమని, రెక్క వట్టి కూసోబెట్టిన గదనే." ఏడవడం లేదు. అరచేతులతో నేలను రుద్దుతోంది.

అతను కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. వంగడం అతనికి కష్టం. గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఆ దినం గూడ చెప్పిన" అన్నాడు, ఆమెతోనో, నాతోనో, ఎవరితోనో. "కంపెనీల. వాసన వస్తుంది, జెర సూడుండ్రి అని చెప్పిన. ఈడ వాసన రాని దినం ఏదిరా అన్నరు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఆసుపత్రి నుంచి వచ్చినంక నాకే అనుమానం అయింది. నా ముక్కు ఖరాబయిందా, తలకాయ ఖరాబయిందా అని. గిప్పుడు తెలిసింది గద. మంచిగనే ఉన్నది."

అలా చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపు వచ్చింది. భాయ్ పక్కకు తిరిగి, తుడవాల్సిన పనేమీ లేని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ రోజు వాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లి, ఇంద్రేశంలో ఇంటి దగ్గర దింపింది భాయే, తన కారులో.

కారు పని పెద్దదే అయింది. గ్యాస్ తీయించి, డాష్‌బోర్డు మొత్తం విప్పాను. లోపల చల్లబరిచే జాలీ మీద నూనె మరక, దాని కింద సన్నటి తుప్పు బొక్క కనిపించాయి. జాలీ మార్చి, గొట్టాలు కడిగి, రబ్బరు వాషర్లు అన్నీ కొత్తవి వేశాను. అంతా బిగించాక ఆమెకు ఫోన్ చేసి, రేపు నైట్రోజన్ పెట్టి ఎక్కడైనా కారుతుందేమో చూసి, గ్యాస్ నింపి ఇచ్చేస్తానని చెప్పాను.

ఫోన్‌లో ఆమె వెనక నుంచి అతని గొంతు వినిపించింది. "నైట్రోజన్ పెడ్తరా? ఎంతసేపు ఆపుతరో అడుగు."

"చాయ్ తాగేసేపు ఆపుతం" అన్నాను.

"నేనొస్తున్న అని చెప్పు" అన్నాడు.

పొద్దున చల్లటి పూటే భాయ్ వెళ్లి అతన్ని తీసుకువచ్చాడు. ఫ్యాక్టరీల్లో రియాక్టర్‌లో సరుకు పోసేముందు నైట్రోజన్ నింపి, గేజ్ ముల్లు దిగుతుందో లేదో చూస్తారట. దిగితే ఎక్కడో కారుతున్నట్టు. అది అతను ఏళ్ల తరబడి చేసిన పని. మేం చేసేదీ అదే, కాకపోతే మాది బుల్లి సంసారం. నేను గేజ్ బిగించి నైట్రోజన్ ఎక్కించాను. అతను స్టూలు జరుపుకుని గేజ్ ముందు కూర్చున్నాడు. భుజాల మీద తడి తువ్వాలు, వెనక కూలర్. స్కెచ్ పెన్ను అడిగి, గాజు మీద ముల్లు ఉన్నచోట సన్నటి గీత గీశాడు.

చాయ్ వచ్చింది, అయిపోయింది. ముల్లు కదలలేదు. "ఇగ చాలు తమ్మీ" అన్నాను.

"మా దగ్గర గిట్ల ఒప్పుకోరన్నా" అన్నాడు. గొంతులో మర్యాద ఉంది, వెనక్కి తగ్గడం లేదు.

కొంతసేపటికి ముల్లు గీత దాటి పైకి వెళ్లింది. భాయ్ సంబరపడ్డాడు. "పెరిగింది భాయ్! ఇంకేం గావాలె?"

"పెరుగుడు మంచిది గాదు" అన్నాడు అతను. "రేకుల సందుల నుంచి ఎండ బానెట్ మీద వడుతుంది. లోపల వేడయింది. వేడికి పెరిగిందంటె, కారేది మనకు కనవడది." టార్పాలిన్ తెచ్చి కట్టాం. చల్లబడే వరకు ఆగాం. ముల్లు గీత దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగకుండా, వెంట్రుకంత కిందికి దిగింది.

నా కంటికి అది కనబడనే లేదు. అతనికి కనబడింది. సబ్బు నురగ పట్టుకుని కీలు కీలు పూస్తూ పోయాను. చివరికి గ్యాస్ నింపే మూతి దగ్గర, చిన్న బుడగ ఒకటి లేచింది. పగిలింది. మళ్లీ లేచింది. ముందురోజు ఆ మూతిని బిగించింది నేనే. నేను అతనివైపు చూశాను. ఎత్తిపొడుస్తాడేమో అనుకున్నాను. అతను మాత్రం "దొరికింది" అని పసివాడిలా మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా పట్టుకుని బస్సులో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అప్పటికే మూతి మార్చి మళ్లీ నైట్రోజన్ ఎక్కించి ఉన్నాం. అతను గేజ్ మీదినుంచి కన్ను తీయకుండానే, "అటు పెట్టు, ఇప్పుడు రాలేను" అన్నాడు. ఆమె డబ్బా పట్టుకుని అట్లాగే చాలాసేపు నిలబడింది.

"డ్యూటీల ఉన్నట్టే ఉన్నడు" అంది నాతో. "డ్యూటీల ఉంటె అన్నం గూడ యాదికుండకపోతుండె."

ఆ పూట ముల్లు గీత మీదే నిలబడింది. సాయంత్రం దాకా నిలబడింది. అతను ఊ అన్నాకే నైట్రోజన్ వదిలి, గొట్టాల్లో గాలి, తేమ లేకుండా పంపుతో లాగి, చీటీ మీద ఉన్నంత తూకం అసలు గ్యాస్ నింపాను. ఇంజిన్ వేసి జాలీ దగ్గర చెయ్యి పెడితే మంచి చలువ తగిలింది. ఐసులెక్క కాదు, ఉండాల్సినంత.

ఇంక ఎక్కాలి. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంది. అతను తెరిచిన తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్ని గంటలు తన కళ్లతో చూసినవాడు, ముల్లుకు తానే గీత గీసినవాడు, కాలు లోపల పెట్టలేకపోతున్నాడు. "ఏం కాదు ఎక్కు" అనే మాట భాయ్ నోటిదాకా వచ్చి ఆగడం నేను చూశాను.

ఆమె ఇంజిన్ ఆపేసింది. అద్దాలన్నీ దించింది. "తొందర లేదు" అంది. "నువ్వు వాసన సూడు. వస్తుందంటె దిగుతా. ఇద్దరం బస్సుల పోదాం."

అతను తల లోపలికి పెట్టాడు. ఈ జాలీ దగ్గర, ఆ జాలీ దగ్గర, సీట్ల కింద, వెనకాల చూశాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. భయపడినవాడి మాటను నమ్మడం కన్నా, ధైర్యం చెప్పకుండా ఊరుకోవడం కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

"వస్తలేదు" అన్నాడు చివరికి. ఎక్కి కూర్చున్నాడు.

ఆ తర్వాత చాలాకాలం అతను మాతోనే పనిచేశాడు. కూలర్ గదిలో గేజ్ ముందు అతని స్టూలు. అతను ఊ అనందే ఏ కారుకూ గ్యాస్ ఎక్కించేవాళ్లం కాదు. "చాయ్ తాగేసేపు" అన్న మాట మా షెడ్డులో లేకుండా పోయింది. తొందరపడే కస్టమర్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు. కొందరు తిరిగి వచ్చేవాళ్లు. భాయ్ తన మిషన్ గురించి గొప్పలు చెప్పడం మానలేదు కానీ, చివర్లో "ఇంక సార్ ముక్కును గూడ అడుగుదాం" అని కలిపేవాడు.

నేను పని మానేశాక ఒకసారి వాళ్లింటికి భోజనానికి పిలిచారు. వంకాయకూర, జొన్నరొట్టె. మా ఇద్దరికీ వడ్డిస్తుండగా అతను ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఏందో వాసన వస్తుంది."

ఆమె గరిటె పక్కన పెట్టింది. విసుగు లేదు, కంగారు లేదు. లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసింది, సిలిండర్ దగ్గర వంగి చూసింది. పెరట్లోకి వెళ్లి కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి లోపల చూసింది. వచ్చి చేతులు కడుక్కుంది.

"ఏం లేదు. ఫ్యాక్టరీల దిక్కు నుంచి గాలి కొడుతుంది" అంది.

"సరే" అని అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె నాకు ఇంకో రొట్టె వేసింది.